అసల్‌ని గీకొద్దు, హాషియాలో రాయండి

లక్ష మంది ఉన్న జాబితాలో ఒక పేరును ఇంకో పేరుగా మార్చడానికి ఇప్పుడు ఒక్క లైను చాలు. కంప్యూటర్లో నల్ల తెర తెరవాలి. ఏది వెతకాలో, దాని జాగాలో ఏది పెట్టాలో రాయాలి. ఎంటర్ కొట్టాలి. చాయ్ గ్లాసు పెదవి దాకా వచ్చేలోపు పని ఖతం. ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఎవరి ఇజాజతూ అక్కర్లేదు. పేరు మారిపోయిన మనిషికైతే ఖబర్ కూడా ఉండదు. ఆర్నెల్ల తర్వాత రేషన్ షాపులోనో, బ్యాంకులోనో, పోలింగ్ బూత్‌లోనో "మీ పేరు కలవట్లేదమ్మా" అన్నప్పుడు తెలుస్తుంది.

ఇది కంప్యూటర్ వాళ్ల గొడవ, మనకెందుకు అని ఈ పేజీ మూసేయకండి. మన ఇళ్లలో ఎందరో పిల్లలు డేటా ఎంట్రీ పనుల్లో ఉన్నారు. మన మస్జిద్ కమిటీలు రంజాన్‌లో రేషన్ కిట్ల జాబితాలు ఎక్సెల్‌లో పెడుతున్నాయి. మదర్సాలు, వెల్ఫేర్ సొసైటీలు, స్కాలర్‌షిప్ ఇప్పించే అంజుమన్లు అన్నీ పేర్ల పట్టికలతోనే నడుస్తున్నాయి. ఆ ఒక్క లైను రాసే చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. అందుకే ఈ మాట సర్కారుకు ఎంత చెప్పాలో మనకు మనం కూడా అంతే చెప్పుకోవాలి: పేరు ఒక అమానత్. దాన్ని దిద్దే హఖ్ పేరుగల మనిషిది. పట్టిక దగ్గర కూర్చున్నవాడు అసల్ ఖానాను ముట్టుకోకూడదు. దిద్దుబాటు ఏదైనా ఉంటే పక్కన కొత్త ఖానాలో రాయాలి.

ముందు ఆ ఔజారు ఏమిటో చూద్దాం. పట్టికను మామూలు అక్షరాల ఫైలుగా దాస్తారు. ఒక్కో వరుసలో ఒక్కో మనిషి. పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా మధ్య కామాలు. ఈ రకం ఫైలును సీఎస్‌వీ అంటారు. అందులో వెతికి మార్చడానికి 'సెడ్' అనే ప్రోగ్రాం ఉంది. బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ 1973-74లో దాన్ని రాశాడు. యాభై ఏళ్లు దాటినా ఇప్పటికీ దాన్ని మించిన పనిమంతుడు లేడు. వరుసలోని ఫలానా ఖానాను పట్టుకుని పని చేయడానికి 'ఆక్' అనే ఇంకో ప్రోగ్రాం 1977లో వచ్చింది. ముగ్గురు రచయితల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరు.

వెతకడానికి వాడే భాషను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు, ముద్దుగా రెజెక్స్. దీని బునియాద్ వేసింది గణితవేత్త స్టీఫెన్ క్లీనీ, 1950లలో. ఇందులో ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం. ^ అంటే వరుస మొదలు. $ అంటే వరుస చివర. | అంటే 'లేదా'. చుక్క అంటే 'ఏదో ఒక అక్షరం, ఏదైనా సరే'. ఉదాహరణకు (మహమ్మద్|మొహమ్మద్|మహ్మద్|ఎండీ) అని రాస్తే ఆ నాలుగింట్లో ఏది కనబడినా దొరుకుతుంది. తర్వాత ఏం పెట్టాలో చెబితే అన్నీ ఒకటైపోతాయి.

నేను ఈ హునర్‌కు దుష్మన్‌ని కాను. సర్వే నంబర్లలో గీతలు సరిచేయాలన్నా, తేదీలన్నీ ఒకే వరసలో పెట్టాలన్నా, ఫోన్ నంబర్ల మధ్య ఖాళీలు తీసేయాలన్నా దీన్ని మించింది లేదు. మన పిల్లలు నేర్చుకోవాలి, తప్పకుండా నేర్చుకోవాలి. కానీ ఫోన్ నంబర్ వేరు, పేరు వేరు. ఆ ఫరఖ్ తెలియకుండా నేర్చుకుంటే కత్తి పట్టడం నేర్చుకుని నాడి పట్టడం మరిచిన హకీం లాంటి వాళ్లవుతారు.

మన పేర్లే ఎందుకు షికార్ అవుతాయి

ఉర్దూ మీడియంలో చదివిన వాళ్లెవరినైనా అడగండి. మా నబీ పేరు ఎలా రాస్తారు? మీమ్, హే, మీమ్, దాల్. నాలుగు అక్షరాలు. హైదరాబాద్‌లో అయినా, కర్నూలులో అయినా, ఖాహిరాలో అయినా అవే నాలుగు. రెండో ఇమ్లా లేదు. షేఖ్ కూడా అంతే: షీన్, యే, ఖే. మన తాతలు తమ పేరును రెండు రకాలుగా రాసుకోలేదు.

రకాలు పుట్టింది దఫ్తర్‌లో. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా తెలుగులో రాశాడు: మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్, ముహమ్మద్. ఇంకొకడు జాగా చాలక ఎండీ అన్నాడు, వేరొకడు చుక్క పెట్టి ఎండి. అన్నాడు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఒకచోట యూ, ఒకచోట ఓ, చివర ఏ లేదా ఈ. షేఖ్‌కి ఆంధ్రలో చివరి హెచ్ ఎగిరిపోయింది. పాషా బాషా అయ్యాడు, బాషా ఒత్తు తెచ్చుకుని భాషా అయ్యాడు. పాదుషా కావలసినవాడు వ్యాకరణ పుస్తకం అయ్యాడు! నవ్వొస్తుంది గానీ, ఆధార్‌లో బాషా, పట్టా పాసుపుస్తకంలో భాషా అయిన రైతుకు నవ్వు రాదు.

పైగా ఆ ఇంటిపేరు ఖానా ఒకటి. తెలుగు ఫారం ఇంటిపేరు లేకుండా ముందుకు కదలదు. మనకు చాలామందికి తెలుగువాళ్ల అర్థంలో ఇంటిపేరు లేదు. షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్ ఏది ముందుంటే అది ఆ ఖానాలో పడింది. దాంతో ఒక్క ఊళ్లోనే వందల మందికి ఒకే ఇంటిపేరు. కొందరి పేరు ముందు, కొందరి పేరు చివర. ఒకే తల్లి బిడ్డలు ఇద్దరైతే, ఒకరికి షేక్ ఇంటిపేరు, ఒకరికి షేక్ అసలు పేరు.

విడ్డూరం చూడండి. జాబితా, దస్తావేజు, అసలు, నకలు, దాఖలు, రుజువు, హాజరు, అర్జీ, తహసీల్దారు. తెలుగు దఫ్తర్‌లో సగం లఫ్జులు మన జుబాన్ దారినే వచ్చాయి. ఆ దఫ్తర్‌లో మన పేరుకే సరైన కుర్చీ దొరకలేదు.

లిపి మారితే ఏమవుతుందో ఒక్క లఫ్జులో చూపిస్తాను. ఇందాకటి నుంచి నేను 'ఖానా' అంటున్నాను. అది ఖే అక్షరంతో మొదలయ్యే ఖానా, అంటే గడి. కాఫ్‌కు దోచష్మీ హే కలిపి మొదలయ్యే ఖానా వేరే, అంటే అన్నం. ఉర్దూలో చూడగానే తేడా తెలుస్తుంది. తెలుగులో రెండూ ఒకటే. ఇంకా నిజం చెప్పాలంటే రేషన్ జాబితాలో ఒక ఖానా తప్పైతే రెండో ఖానా కూడా పోతుంది.

కాబట్టి మన పేర్లలో కనిపించే తేడాలు మోసానికి నిషానీ కావు. అవి లిపి నుంచి లిపికి మోసుకొచ్చేటప్పుడు దారిలో పడిన గీతలు. పట్టిక ముందు కూర్చున్నవాడికి మాత్రం అవి 'చెత్త డేటా'లా కనబడతాయి. శుభ్రం చేయాలని చెయ్యి దురద పెడుతుంది.

ఒక్క లైను చేసే ఆగం

ఒక ఊహా పట్టిక తీసుకుందాం. మస్జిద్ కమిటీ దగ్గర ఉండేలాంటిదే. పేరు, పని, చిరునామా అని మూడు ఖానాలు. కమిటీలో ఒక నౌజవాన్‌కు ఒక నేక్ ఖయాల్ వచ్చింది. ఖాసింబీ, మస్తాన్‌బీ, హుసేన్‌బీ అని ఆడవాళ్ల పేర్ల చివర 'బీ' ఉంది, గౌరవంగా 'బేగం' చేద్దాం అనుకున్నాడు. 'బీ' వెతుకు, 'బేగం' పెట్టు అన్నాడు. కంప్యూటర్‌కు ఆడా మగా తెలియదు, బ అక్షరమూ దాని గుడిదీర్ఘమూ తెలుసు. ఖాసింబీ ఖాసింబేగం అయింది, సరే. హబీబ్ హబేగంబ్ అయ్యాడు. గులాం నబీ సాబ్ గులాం నబేగం సాబ్ అయ్యారు. బీబీ జాన్ బేగంబేగం జాన్ అయింది. ఇక పని ఖానాలో 'బీడీ కార్మికురాలు' అని ఉన్నవాళ్లందరూ 'బేగండీ కార్మికురాళ్లు' అయ్యారు.

చివరిదాని దగ్గర ఆగండి. తెలంగాణలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు పింఛను ఉంది. నిజామాబాద్ వైపు ఎన్ని ముస్లిం ఇళ్లు ఆ చాటలు ఒళ్లో పెట్టుకుని బతికాయో మీకు తెలుసు. రేపు ఎవరో ఈ పట్టికలోంచి 'బీడీ' అని వెతికి అర్హుల్ని తీయమంటారు. ఒక్కరూ దొరకరు. పట్టిక అబద్ధం చెప్పినట్టు ఎవరికీ అనిపించదు, అర్హులు లేరనే అనిపిస్తుంది.

రెండో ఉదాహరణ. 'ఎండి.' అని ఉన్నచోటల్లా 'మొహమ్మద్' పెట్టాలనుకున్నారు. చుక్క అంటే 'ఏ అక్షరమైనా' అని పైన చెప్పాను కదా. వెతికేవాడు చుక్కను చుక్కగానే అనుకున్నాడు, కంప్యూటర్ దాని భాషలో దాన్ని అర్థం చేసుకుంది. 'ఎండి రఫీ'లో ఖాళీని మింగి రెండు పేర్లూ అతికించింది. చిరునామాలో 'ఎండిన చెరువు వీధి' అని ఉంటే అది 'మొహమ్మద్ చెరువు వీధి' అయింది! చుక్కను చుక్కగానే చూడమనాలంటే దాని ముందు వెనక్కి వాలిన గీత ఒకటి పెట్టాలి. \. అలా. ఆ చిన్న గీత లేకపోవడం వల్ల ఒక వీధి పేరు మారిపోయింది.

మూడోది. 'షేక్'ను 'షేఖ్' చేద్దాం, తలఫ్ఫుజ్ సరిగ్గా ఉంటుంది అనుకుంటే హైదరాబాద్ షేక్‌పేట కూడా మారుతుంది. కొన్నిసార్లు మారదు, అది ఇంకా ప్రమాదం. తెలుగు టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత అక్షరం అతుక్కోకుండా కంటికి కనబడని ఒక గుర్తు పెడతారు. ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు, ఒకరు ఖాళీ వదులుతారు. కంటికి మూడూ దాదాపు ఒకటే. వెతికేవాడికి మూడూ వేరు. ఒకే మొహల్లా మూడు మొహల్లాలవుతుంది.

"పూర్తి మాటగా ఉన్నప్పుడే మార్చు అని చెప్పొచ్చు కదా భాయ్" అంటారు తెలిసిన పిల్లలు. చెప్పొచ్చు. మాట సరిహద్దుకు ఒక గుర్తు ఉంది. కానీ అది ఇంగ్లీషు అక్షరాలను మనసులో పెట్టుకుని పుట్టింది. పైథాన్‌తో వచ్చే మామూలు రెజెక్స్ గుడి, కొమ్ము, పొల్లు లాంటి వాటిని అక్షరాల లెక్కలో వేసుకోదు. దాని దృష్టిలో 'బీ' తర్వాత ఖాళీ ఉంటే అక్కడ సరిహద్దు లేదు. 'బీడీ'లో బీకీ డీకీ మధ్య మాత్రం సరిహద్దు ఉంది. అంటే విడిగా ఉన్న బీని వదిలేసి బీడీలోని బీని పట్టుకుంటుంది. మనకు కావలసిన దానికి సరిగ్గా ఉల్టా! అందుకే తెలుగు మీద ఈ పని చేసేవాళ్లు సరిహద్దును తామే రాయాలి: ముందు వరుస మొదలో, ఖాళీయో, కామాయో; తర్వాత ఖాళీయో, కామాయో, వరుస చివరో అని.

సరిగ్గా రాసినా తప్పే

ఇంతవరకు చెప్పినవి హునర్ లోపాలు. ఉస్తాద్ దొరికితే తీరిపోతాయి. అసలు మసలా అక్కడ లేదు. చుక్క ముందు గీత పెట్టి, సరిహద్దు రాసి, ఒక్క ఖానాలోనే, ఒక్క పొరపాటు లేకుండా 'బీ'ని 'బేగం' చేశారనుకోండి. అది ఇంకా పెద్ద జ్యాదతీ.

ఎందుకంటే ఖాసింబీకి ఆ పేరు ఆమె నానీమా పెట్టి ఉంటుంది. ఆమె ఓటరు కార్డులో, పొదుపు సంఘం పుస్తకంలో, కొడుకు టెన్త్ మెమోలో తల్లి పేరు దగ్గర, అంతటా ఖాసింబీయే. బేగం అన్నది మనలో కొందరికి పెద్దింటి అలంకారం. బీ పల్లె పేరు, కూలి పేరు, దూదేకుల ఇంటి పేరు. దాన్ని 'సరిచేయడం' అంటే ఆమె పేరు మనకు నామోషీగా ఉందని చెప్పడం. ఆమె అడగని ఇజ్జత్ ఇచ్చి, ఆమెకున్న షనాఖ్త్ తీసేసుకోవడం.

సైదులు సంగతి చూడండి. సూర్యాపేట జిల్లాలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఆ సైదుల మీద మొక్కుతో ఆ చుట్టుపక్కల పిల్లలకు సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. హిందువుల ఇళ్లల్లో కూడా. సైదిరెడ్డి అన్న పేరు విన్నారు కదా. నాగూరయ్య, మస్తానమ్మ కూడా అలాంటివే. ఒక మహనీయుడు 'సైదు' అంతా 'సయ్యద్' చేసేయండి అంటే ఏమవుతుంది? ఒక యాదవుల ఇంటి సైదులు మైనారిటీ జాబితాలోకి, మన సైదమ్మ ఇంకెక్కడికో. వందల ఏళ్ల కలివిడి బతుకును ఒక లైను రెండు వరుసలుగా చీల్చేస్తుంది. పేర్లు చూసి మతం తేల్చే పట్టికలు ఏ పనికి వాడుకుంటారో నేను చెప్పాల్సిన పని లేదు.

పేర్లన్నీ ఒకే ఇమ్లాలోకి తెస్తే ఇంకో ఖతర్నాక్ పని జరుగుతుంది. వేర్వేరు మనుషులు ఒకటైపోతారు. మహ్మద్ రఫీ, మొహమ్మద్ రఫీ, ఎండీ రఫీ ఒకే వార్డులో ముగ్గురు కావచ్చు. ఆ ఇమ్లా తేడాయే పట్టికలో వాళ్లను విడిగా ఉంచింది. దాన్ని చెరిపేశాక 'డూప్లికేట్లు తీసేయ్' అని రెండో లైను రాస్తే ఇద్దరు గల్లంతు.

ఇది ఊహ అనుకోకండి. తెలంగాణ సర్కారు వేర్వేరు శాఖల డేటాను పోల్చి ఈ మనిషీ ఆ మనిషీ ఒకరేనా అని తేల్చే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ పెట్టుకుంది. అది సెడ్ కంటే చాలా పెద్ద యంత్రం. కానీ దాని కింద ఉన్న ఖయాల్ ఇదే: పేరూ చిరునామా దగ్గరగా ఉంటే మనిషి ఒకడే. రిక్షా తొక్కే ఒక పేద ముస్లింను అది దాదాపు అలాంటి పేరే ఉన్న కారు యజమానిగా లెక్కవేసిందనీ, ఆ కుటుంబానికి రేషన్ అందకుండా పోయిందనీ 2024 జనవరిలో పత్రికల్లో వచ్చింది. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, రద్దైన సుమారు 19 లక్షల కార్డుల్ని మళ్లీ ఇంటింటికీ వెళ్లి పరిశీలించమని సుప్రీంకోర్టు రాష్ట్రానికి చెప్పింది. ఇంటికి వెళ్లి తలుపు కొట్టి చూడాలి అన్నదే ఆ హుకుం సారాంశం. యంత్రం చూసింది చాలదు అని.

ఓటు కథ మీకు గుర్తుండే ఉంటుంది. 2018 డిసెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల రోజు ఎంతోమంది బూత్ దాకా వెళ్లి పేరు లేక తిరిగొచ్చారు. అప్పటి ఎన్నికల ప్రధానాధికారి బహిరంగంగా మాఫీ అడిగారు. మాఫీ మంచిదే. కానీ పోయిన ఓటు మళ్లీ రాలేదు.

ముహద్దిసుల దగ్గర నేర్చుకుందాం

ఒకే పేరున్న ఇద్దరు, రెండు పేర్లున్న ఒక్కరు. ఈ మసలా కంప్యూటర్‌తో పుట్టలేదు. దీని మీద మన పెద్దలు వెయ్యేళ్ల కిందటే కూర్చుని పని చేశారు. హదీసు ఎవరి నోట వచ్చిందో తేల్చకపోతే హదీసే నిలవదు. కాబట్టి రావీల పేర్ల మీదనే ఒక ఇల్మ్ నిలబెట్టారు, అస్మావుర్రిజాల్ అని.

అందులో ఒక శాఖ 'ముత్తఫిఖ్ – ముఫ్తరిఖ్'. రాతలో, పలుకులో పేరు ఒకటే, మనుషులు వేరు. ఖతీబ్ బగ్దాదీ దీని మీద ప్రత్యేకంగా కితాబు రాశారు. ఖలీల్ బిన్ అహ్మద్ అన్న పేరు తీసుకుని, ఆ పేరుతో ఆరుగురున్నారని ఒక్కొక్కరినీ విడదీసి చూపించారు ఈ ఇల్మ్ వాళ్లు. ఇంకో శాఖ 'మూతలిఫ్ – ముఖ్తలిఫ్'. రాతలో ఒకటే, పలుకులో వేరు. సలామ్, సల్లామ్ రెండూ అరబీలో అవే అక్షరాలు. తష్దీద్ గుర్తు పెట్టకపోతే ఎవరు ఎవరో తెలియదు. దారఖుత్నీ, ఇబ్న్ మాకూలా లాంటి ఉలమా ఇలాంటి పేర్ల మీద గ్రంథాలు కట్టారు. పేరు ఒక్కదాన్ని చూసి మనిషిని తేల్చలేదు వాళ్లు. తండ్రి ఎవరు, ఊరు ఏది, ఉస్తాద్ ఎవరు, షాగిర్ద్ ఎవరు, ఏ సంవత్సరంలో వఫాత్ అని అడిగారు.

ఇంతకంటే విలువైన సబక్ ఒకటుంది. నకలు రాస్తున్న కాతిబ్‌కు అసల్‌లో తప్పు కనబడితే ఏం చేయాలి? 13వ శతాబ్దంలో ఇబ్నుస్సలాహ్ తన ముఖద్దిమాలో ఈ బహస్‌ను ఎత్తుకున్నారు. కొందరు దిద్దేయొచ్చు అన్నారు. ఆయన మెరుగని చెప్పిన పద్ధతి వేరు. కితాబులో ఉన్నది ఉన్నట్టే ఉంచు. దాని మీద ఒక గుర్తు పెట్టు. సరైనది అనుకున్నది బయట హాషియాలో రాయి. ఎందుకంటే నీకు తప్పుగా కనబడింది నిజంగా తప్పు కాకపోవచ్చు. నీకు తెలియని సరైన రూపం అయ్యుండొచ్చు. నువ్వు గీకేస్తే, నీ తర్వాత వచ్చే నీకన్నా తెలిసినవాడికి అసల్ చూసే అవకాశం పోతుంది.

పట్టికల భాషలో దీన్ని చెప్పాలంటే: పాత ఖానా ముట్టుకోకు, పక్కన కొత్త ఖానా పెట్టు. ఈ పనికి డబ్బు ఖర్చు లేదు, సర్వర్ అక్కర్లేదు. కావలసింది అదబ్.

మన పిల్లలకు చెప్పాల్సినవి

పేర్ల పట్టిక చేతికి వచ్చిన ప్రతి నౌజవాన్‌కు, ప్రతి బేటీకి ఈ నాలుగు మాటలు చెప్పండి.

ముందు చూడు, తర్వాత మార్చు. 'గ్రెప్' అనే ప్రోగ్రాం వెతికి చూపిస్తుంది, మార్చదు. నీ నమూనాకు ఏయే వరుసలు దొరుకుతున్నాయో కళ్లారా చూడు. అందులో బీడీ, నబీ కనబడితే ఆగు.

అసల్ మీద రాయకు. సెడ్‌కు 'మైనస్ ఐ' అనే గుర్తు ఇస్తే అది ఫైలు మీదనే తిరగరాస్తుంది. పాతది మిగలాలంటే నువ్వే అడగాలి, అడగకపోతే ఉంచదు. అసల్ ఫైలును వేరే చోట పెట్టి తాళం వేయి. ఫలితాన్ని కొత్త ఫైలులో తీసుకో. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏ వరుస మారిందో చూపించే 'డిఫ్' ఉంది, దాన్ని వాడు.

ఖానా తెలిసి పట్టుకో. చిరునామాలో 'మస్జిద్ వీధి, పాత బస్తీ' అని కామా ఉంటే, కామాల్ని లెక్కబెట్టే ఆక్‌కు మూడో ఖానా నాలుగోది అవుతుంది. కొటేషన్ గుర్తుల మధ్య కామాను అర్థం చేసుకునే 'మిల్లర్' లాంటి ఔజార్లు ఉన్నాయి. పేరు ఖానాలో మాత్రమే పని చేయమని వాటికి చెప్పొచ్చు. ఫలితం కొత్త ఖానాలో పెట్టమనీ చెప్పొచ్చు.

పేరుతో మనిషిని తేల్చకు. ముహద్దిసుల్లాగా తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు అన్నీ కలిసినా కూడా 'ఒకరే కావచ్చు' అనే గుర్తు పెట్టు, వరుస చెరపకు. ఫోన్ నంబర్ ఉంటుంది కదా, చేసి అడుగు. "ఖాలా, మీ పేరు ఎలా రాయమంటారు?" అని అడగడానికి ఒక నిమిషం పడుతుంది.

"అందరం ఒకే ఇమ్లాకు వచ్చేస్తే పోదా?"

ఈ ప్రశ్న మన పెద్దల్లో చాలామంది అడుగుతారు. ఎంతకాలమని దఫ్తర్ల చుట్టూ తిరుగుతాం, అఫిడవిట్ రాయించి ఒక్క పేరుకు వచ్చేద్దాం అని. వాళ్ల థకావట్ నాకు అర్థమవుతుంది. షాదీ ముబారక్ దరఖాస్తులో అమ్మాయి పేరుకీ, తల్లి ఆధార్‌కీ ఒక్క అక్షరం తేడా వచ్చి, లక్షా నూట పదహారు రూపాయల కోసం అర్జీలు పట్టుకుని తిరిగే తల్లిని చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

రేపు పుట్టే బిడ్డల విషయంలో ఆ మాట సరైనదే. బర్త్ సర్టిఫికెట్ రోజే తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో ఒక్కో ఇమ్లా నిర్ణయించి, ఒక కాగితం మీద రాసి ఇంట్లో దాచండి. స్కూల్లో వేసేటప్పుడు నోటితో చెప్పకుండా ఆ కాగితం చూపించండి. ఇది మన చేతిలో ఉంది.

కానీ అరవై ఏళ్ల ఖాసింబీని మారమనడం ఇన్సాఫ్ కాదు. ఇన్ని ఇమ్లాలు ఆమె చేసినవి కావు. చేసినవాడు దిద్దుకోవాలి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూకు రెండో అధికార భాష హోదా ఇచ్చారు. బోర్డుల మీద ఉర్దూ రాసి చేతులు దులుపుకోవడం కాకుండా, పేర్ల పట్టికల్లో ఉర్దూ ఇమ్లాకు ఒక ఖానా ఇవ్వమని మనం ఎందుకు అడగం? ఆ నాలుగు అక్షరాల దగ్గర అన్ని మహ్మద్‌లూ, మొహమ్మద్‌లూ, ఎండీలూ కలుస్తాయి. కలిసినంత మాత్రాన ఒకే మనిషి అయిపోరు, కానీ ఈ తేడా మోసం కాదని సాక్ష్యం దొరుకుతుంది.

సర్కారును అడగాల్సింది ఇంకొకటి ఉంది. జనం పేర్ల మీద ఏ నియమంతో వెతికారో, ఏది మార్చారో, ఎవరిని తీసేశారో బయట పెట్టాలి. 2025 ఆగస్టులో బీహార్ ముసాయిదా ఓటరు జాబితాలో చోటు దొరకని సుమారు 65 లక్షల పేర్లను కారణాలతో సహా ప్రకటించమని సుప్రీంకోర్టు ఎన్నికల సంఘానికి చెప్పింది. అందులో చనిపోయినవాళ్లూ, ఊరు మారినవాళ్లూ ఉండొచ్చు. కానీ కారణం తెలుసుకునే హఖ్ అందరిదీ అని ఆ మాటతో తేలింది. రేషన్‌కు, పింఛనుకు, స్కాలర్‌షిప్‌కు కూడా అదే ఉసూల్ రావాలి. పేరు తీసే ముందు కబురు పెట్టాలి. తీశాక కారణం చెప్పాలి. అసల్ ఎక్కడుందో చూపించాలి.

అంతవరకు మన మస్జిద్ కమిటీల నుంచే మొదలుపెడదాం. ఈసారి రంజాన్ జాబితా తయారుచేసేటప్పుడు ఎడమ పక్కన వాళ్లు చెప్పిన పేరు, కుడి పక్కన మనకు సరైనదనిపించిన పేరు. మధ్యలో ఒక గీత. ఆ గీతకు ఎడమ వైపున్నది వాళ్ల అమానత్, దాని జోలికి వెళ్లకండి.